ఎర్ర చిక్కుడు గింజలూ, అన్నమూ

అమెరికా దేశపు దక్షిణపు కొసన, మిసిసిపీ నది సముద్రములో కలిసే చోటికి కొంచెము ఎగువగా న్యూ ఆర్లియన్స్ అనే పట్టణము వున్నది. ఆ వూరివారికి సోమవారము అంటే ఎర్ర చిక్కుడు గింజలూ, అన్నమూ. మనలో కొందరికి శనివారము ఒంటిపూట భోజనము ఎలాగో, వారికి ఇది అలాగు. అయితే దీని వెనుక దేవుడు లేడు, చాకిరేవు వున్నది. పూర్వము అక్కడి ఆడవారు సోమవారము నాడు ఇంటిల్లిపాది బట్టలూ వుతుక్కొనేవారు. కాగులో నీళ్ళు కాచడము, రుద్దడము, జాడించడము, పిండి ఆరవేయడము - వీటితోనే పొద్దు గూకేది. పొయ్యి దగ్గర నిలబడి గరిటె తిప్పేందుకు తీరిక ఎక్కడిది? అందుచేత ముందురాత్రి నానవేసిన గింజలను, ఆదివారము విందులో మిగిలిన పంది మాంసపు ఎముకతో సహా కుండలో వేసి సన్నని సెగ మీద వదిలేవారు. బట్టలు మడతలు పెట్టే వేళకు కూర తనంతట తానే సిద్ధమయ్యేది. బట్టలుతికే యంత్రాలు వచ్చి ఎన్నో ఏళ్ళు గడిచినా సోమవారము మాత్రము పోలేదు. ఇప్పటికీ అక్కడి హోటళ్ళలో ఆ రోజున ఈ వంటకము పెడుతూనే వున్నారు. ఆ వూళ్ళో 1901లో పుట్టి, బూరా వూది లోకమంతటా పేరు పొందిన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, ఉత్తరాల చివర మనము 'ఇట్లు విధేయుడు' అని వ్రాసే చోట ఈ గింజలనూ అన్నాన్నీ తలచుకొని చేవ్రాలు చేసేవాడు. తిండి మీద అంత మమకారము!

ఈ వంట అక్కడికి హైతీ ద్వీపము నుంచి వచ్చినదని చాలామంది నమ్మకము. 1791లో ఆ ద్వీపములో బానిసలు తిరగబడి, 1804 నాటికి స్వతంత్రులైనారు. ఆ అలజడిలో ఇల్లూ వాకిలీ విడిచినవారు - దొరలు, విడుదలైన నల్లవారు, దొరల వెంట ఇంకా బానిసలుగానే వున్నవారు - మొదట క్యూబాకు పోయి, అక్కడ కూడా నిలువనీడ లేక 1809లో వేలాదిగా న్యూ ఆర్లియన్సుకు చేరుకున్నారు. ఆ పట్టణపు జనాభా ఇంచుమించు రెండింతలైనది. ఊరు విడిచినవాడు సామాను వదిలినా నాలుక మీది రుచిని వదలడు గదా. మన పెద్దలు కరీంనగరము నుంచీ, ఓరుగల్లు నుంచీ, పాలమూరు నుంచీ మగ్గాలు పట్టుకొని షోలాపురము వచ్చినప్పుడు పచ్చిపులుసును కూడా తెచ్చుకోలేదా? ఇన్ని తరాలుగా మరాఠీ మాట్లాడుతూ, జొన్న రొట్టె తింటూ వున్నా, ఆ పులుసు మన ఇళ్ళలో ఇంకా అలాగే వున్నది.

ఇక ఈ సోమవారపు వంట మన ఇళ్ళలోకి ఎలా వచ్చినదో చెబుతాము. మన వాడలోని ఒకరి అమ్మాయి పెళ్ళి అయి లూయిజియానా రాష్ట్రములో కాపురమున్నది. పొరుగింటి పెద్దావిడ దగ్గర నేర్చుకొని, ఫోనులో తల్లికి చెప్పినది. తల్లి వండి నలుగురికి పెట్టినది. తిన్నవారిలో ఇద్దరు బాగున్నదన్నారు, ఒకరు చప్పగా వున్నదన్నారు, ఒకరు ఏమీ అనకుండా రెండోసారి వడ్డించుకున్నారు. అక్కడినుంచి ఏడెనిమిది ఇళ్ళకు ప్రాకినది. ఎవరికి ఎలా కుదిరినదో తెలుసుకొందామని మేము ఆ ఇళ్ళకు వెళ్ళి అడిగి వ్రాసుకొన్న సంగతులే ఇవి.

ముందుగా ఒక అవ్వ మాట చెప్పక తప్పదు. "దీనికోసము అమెరికా దాకా పోవాలటరా? మనము తినే ఘేవడా ఇదే గదా!" అన్నది ఆవిడ. మాట నిజమే. సాతారా జిల్లా కోరేగావ్ ప్రాంతములో పండే వాఘ్యా ఘేవడా మన బజారులో ఎరిగినదే. ఎర్రని చారలు వుండడము చేత దానికి పులి పేరు పెట్టారు. 2016లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చినది. అదీ, ఉత్తరాదివారి రాజ్మా అనేదీ, న్యూ ఆర్లియన్సు గింజా - అన్నీ ఒకే జాతి మొక్కవి. ఈ జాతికి పుట్టినిల్లు అమెరికా ఖండమే. కొలంబసు 1492లో అక్కడ అడుగుపెట్టిన తరువాతనే అది మిగిలిన లోకానికి వచ్చినది. కాబట్టి అవ్వ అన్నదీ నిజమే, అమ్మాయి చెప్పినదీ నిజమే. మన తెలుగు నేల మీద కూడా ఇది పండుతున్నది. పాడేరు, చింతపల్లి మన్యములో, అంటే 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో, గిరిజనులు చలికాలములో రాజ్మా పండిస్తారు. కొందరు దీనిని ఎర్ర అలసందలతో కలిపి చెబుతున్నారు, అది పొరపాటు. అలసంద ఆఫ్రికా నుంచి వచ్చిన వేరే జాతి. అది త్వరగా వుడుకుతుంది. ఎర్ర చిక్కుడు గింజ అంత సులువుగా లొంగే రకము కాదు.

అక్కడే మొదలు మన వారి కష్టాలు. మేము వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ మొదటి మాట ఒక్కటే: "ఉడకలేదండీ!" ఒక వదినెగారు ఆరు విజిళ్ళు అయినా, తొమ్మిది అయినా గింజ గింజలాగే వున్నదనీ, చివరకు విసుగెత్తి మిక్సీలో వేసి తిప్పి చారు చేసిపెట్టాననీ చెప్పినారు. ఆమె పక్కింటిలోనే, అదే అంగడి గింజలు, అదే రకము కుక్కరు, మూడు విజిళ్ళకు వెన్నలా అయినవి. ఇదేమి మాయ?

మాయ నీటిలో వున్నది. మొదటి ఇంటివారు బోరింగు నీటితో వండినారు, రెండవవారు కార్పొరేషను కుళాయి నీటితో. ఉప్పునీటి బోరులో సున్నము పాలు ఎక్కువ. ఆ సున్నము గింజ తోలులో వుండే జిగురు పదార్థాన్ని పట్టుకొని గట్టిపరుస్తుంది. మరి రెండవ కారణము గింజ వయసు. వేడిగా, చెమ్మగా వుండే చోట నెలల తరబడి నిలవ వున్న గింజ ఎంత వుడికించినా లోపల గట్టిగానే వుంటుంది. మన ఎండాకాలములో డబ్బాలో పోసి అటక మీద పెట్టి, తరువాతి ఏడు దించితే ఏమవుతుంది? కొన్నప్పుడే కొద్దిగా కొనుక్కోవడము మేలు. తోలు ముడతలు పడి, రంగు మాసిన వాటిని కొనవద్దు.

మూడవది పులుపు. మనవారికి చేయి వూరుకోదు. గింజలు కుక్కరులో వేస్తూనే టమాటా, చింతపండు రసము కూడా పోసేస్తారు. పులుపు తగిలితే గింజ మెత్తబడడము మందగిస్తుంది. గింజ రెండు వేళ్ళ మధ్య నలిగిన తరువాతనే పులుపు. ఉప్పు సంగతి దీనికి సరిగా ఎదురు. 'ముందుగా ఉప్పు వేస్తే గింజ వుడకదు' అని మన అమ్మమ్మల కాలము నుంచీ వింటున్నాము. కాని నానవేసే నీటిలో, లీటరుకు రెండు చిన్న చెంచాల చొప్పున, ఉప్పు కలిపి రాత్రంతా నానవేస్తే తోలు మెత్తబడుతుంది, పగలకుండా వుడుకుతుంది. తోలులోని సున్నపు పాలును ఉప్పు తొలగిస్తుందని దీనికి కారణము చెబుతారు. నలుగురు గృహిణులు మేము చెప్పగా చేసి చూచినారు. నలుగురికీ కుదిరినది. పెద్దలకు ఎదురు చెప్పినట్లయినది గాని, కుండ ఒప్పుకొన్నది. ఇక తినే సోడా మాట. చిటికెడు వేస్తే గింజ త్వరగా మెత్తబడుతుంది, కాదనము. కాని సబ్బు వాసన కొడుతుంది, బి విటమినులలో ఒకటైన థయామిన్ నశిస్తుంది. బోరింగు నీరు తప్ప వేరే గతి లేనివారు గోటి మీద నిలిచేటంత వేసుకొంటే వేసుకోవచ్చును, అంతే.

ఇప్పుడు చెప్పబోయేది ఒక ఇంట జరిగిన సంగతి. పేరు వ్రాయము. ఆ ఇంటి అబ్బాయి విదేశము నుంచి వస్తూ కరెంటుతో మెల్లగా వండే కుండ ఒకటి తెచ్చినాడు. పొద్దున్న అన్నీ అందులో వేసి మీట నొక్కి పోతే, సాయంత్రానికి వంట అయివుంటుంది. ఉద్యోగము చేసే కోడలికి ఇంతకంటె కావలసినదేమున్నది? సోమవారపు వంటకు ఇదే తగిన పాత్ర అనుకొన్నది. గింజలు గంటసేపు నానవేసి, కుండలో వేసి, తక్కువ వేడి మీద పెట్టి ఆఫీసుకు వెళ్ళినది. రాత్రి అందరూ తిన్నారు. గింజ నడుమ కొంచెము పలుకుగా వున్నదిగాని కూర రుచిగానే వున్నదట. రెండు గంటలు గడిచేసరికి అత్తగారికి వాంతులు, ఆ తరువాత పిల్లలిద్దరికీ, ఆ తరువాత తనకు కూడా. మామగారు ఆ పూట ఫలహారముతో సరిపెట్టుకొన్నందున బ్రతికిపోయినారు. దిష్టి తగిలినదని ఒకరు అన్నారు. పెరుగు చెడినదని గిన్నెడు పెరుగు పారపోశారు. చిన్నవాణ్ణి ఆసుపత్రికి తీసుకొనిపోతే డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "ఏమి తిన్నారు?" రెండవ ప్రశ్న, "రాజ్మా ఎంతసేపు తెర్లినది?" తెర్లనే లేదు గదా! తెల్లవారేసరికి అందరూ తేరుకొన్నారు. కాని కోడలి మీద పడిన మాట తేరలేదు. వండడము చేతగాక ఇంటిల్లిపాదినీ ఆసుపత్రి పాలు చేసినదని చుట్టాలలో చెప్పుకొన్నారు. మూడు నెలలపాటు ఆ అమ్మాయి వంటింట్లో కొత్త వంట ఏదీ ముట్టలేదు. మేము వెళ్ళినప్పుడు కూడా ఈ మాట ఎత్తితే అత్తగారి వైపు చూచి, తల వంచుకొని జవాబు చెప్పినది.

అందుచేత ఇది కొంచెము వివరముగా వ్రాయవలసి వచ్చినది. పచ్చి ఎర్ర చిక్కుడు గింజలో ఫైటోహీమాగ్లూటినిన్ అనే విషపదార్థము వున్నది. పచ్చివి నాలుగైదు గింజలు తిన్నా చాలు, ఒకటి నుంచి మూడు గంటలలో వాంతులు పట్టుకొంటాయి, విరేచనాలు కూడా కావచ్చును. ఇంగ్లాండులో 1976లో సెలవు గడపడానికి పోయిన బడిపిల్లలు కొందరు నానవేసిన గింజలను వుడికించకుండా తిని జబ్బు పడినారు. ఆ తరువాత మరికొన్ని చోట్ల ఇలాగే జరిగేసరికి అక్కడి వైద్యులు ఆరా తీసి 1980లో వైద్యపత్రికలో వ్రాశారు. గింజ బాగా తెర్లితే ఈ విషము ఇంచుమించుగా పోతుంది. చిక్కు ఎక్కడంటే, తెర్లకుండా 80 డిగ్రీల వేడి దగ్గర వుండిపోయిన గింజలో దాని బలము పచ్చి గింజలోకంటె ఐదు రెట్ల దాకా పెరుగవచ్చును. మెల్లని కుండ తక్కువ వేడి మీద చేసేది సరిగా ఆ పనే. అంటే ఆ అమ్మాయి పచ్చిగా వడ్డించి వుంటే కూడా అంత హాని జరిగేది కాదేమో! కుండతో వచ్చిన పుస్తకములో రంగు రంగుల వంటకాల బొమ్మలు ముప్పై వున్నవి, ఈ ఒక్క హెచ్చరిక లేదు. తప్పు కోడలిదని అన్నవారు ఆ పుస్తకాన్ని ఒకసారి తిరగవేస్తే బాగుండును.

చేయవలసినది కష్టమేమీ కాదు. కనీసము ఐదు గంటలు, రాత్రంతా అయితే మరీ మంచిది, నానవేయాలి. ఆ నీరు పారబోసి, కడిగి, కొత్త నీరు పోసి, బుడగలు వచ్చేలా బాగా తెర్లించాలి. పది నిముషాలతో విషము పోతుందంటారుగాని, అరగంట తెర్లించమని అమెరికా ప్రభుత్వపు ఆహార శాఖవారి సలహా. తరువాత సన్నని సెగ మీద ఎంతసేపు పెట్టుకొన్నా, మెల్లని కుండలో వేసుకొన్నా భయము లేదు. న్యూ ఆర్లియన్సులో పాతకాలపువారు బొగ్గుల పొయ్యి మీద పెట్టినా కుండ తెర్లేది. అందుకే వారికి ఆ బాధ లేకపోయినది. మన ప్రెషరు కుక్కరులో వేడి 120 డిగ్రీల దాకా పోతుంది కనుక అందులో సరిగా మెత్తబడిన గింజకు భయపడనక్కరలేదు. డబ్బాలలో అమ్మేవి ముందే వుడికించినవి.

ఇందులోనే మనవారికి ప్రత్యేకముగా చెప్పవలసిన మాట ఒకటి వున్నది. మరాఠీవారితో కలిసి వుండి మనము మొలకల వుసళ్ళు బాగా అలవాటు చేసుకొన్నాము. పెసలు, మటకీ మొలకలు పచ్చివి నిమ్మరసము పిండుకొని తింటాము. ఎర్ర చిక్కుడు గింజలను అలా తినకూడదు. మొలకెత్తినంత మాత్రాన విషము పోదు. ఒంటికి మంచిదని పిల్లల డబ్బాలో పచ్చి మొలకలు కట్టి పంపే తల్లులు ఇది గుర్తుంచుకోవాలని మనవి.

రుచి సంగతికి వద్దాము. లూయిజియానా వంటలో మసాలా లేదంటే మనవారు నమ్మరు. ఉల్లిపాయ, పచ్చని బుంగమిరప, సెలరీ అనే కాడ - ఈ మూడింటినీ సన్నగా తరిగి వేయించడము వారికి తాళింపు వంటిది. ఆ మూడింటినీ కలిపి భక్తిగా 'పవిత్ర త్రయము' అని పిలుచుకొంటారు. తరువాత వెల్లుల్లి, ఎండు ఆకు ఒకటి రెండు, థైము అనే ఆకు, కారము. పొగబెట్టిన పంది మాంసపు సాసేజి ముక్కలు కూడా వేస్తారు. అర కిలోకు కొంచెము తక్కువ గింజలు ఆరేడుగురికి సరిపోతవి. ఇక్కడ సెలరీ దొరకడము అరుదు. ఒక అక్కయ్య వామాకు వేసి చూస్తే కూరంతా కషాయము వాసన వేసినదట. కొత్తిమీర కాడలు వేసినవారికి బాగా కుదిరినది. థైముకు బదులు మాత్రము చిటికెడు వాము సరిగా సరిపోతుంది. ఆ రెండింటిలోనూ వాసననిచ్చే పదార్థము ఒకటే. మన బిరియానీ ఆకు వేరు, వారి ఆకు వేరు. మనది దాల్చినచెక్క వాసన వేస్తుంది, కనుక సగము ఆకు చాలు.

మాంసము తినే ఇళ్ళలో ఒకరు మేక ఎముకలు వేసి వండినారు. మేము తిన్నవాటిలో అది మొదటిది. ఇంత చెప్పితే చాలు. శాకాహారులైన ఒకరు, కూర దించిన తరువాత చిన్న గిన్నెలో నిప్పు కణిక వుంచి, దాని మీద నేతి చుక్క వేసి, మూత పెట్టి పొగ పట్టించినారు. ఆ పొగ వాసనతో సాసేజి లేని లోటు చాలా మట్టుకు తీరినది.

కాని అసలు కిటుకు మసాలాలో లేదు. గింజలు పూర్తిగా మెత్తబడిన తరువాత గరిటెడు గింజలను కుండ అంచుకు వేసి నొక్కి మెదిపి, తిరిగి కలిపి, ఇంకొక పావుగంట సన్నని సెగ మీద వుంచాలి. అప్పుడు రసము మీగడలాగా చిక్కబడి, అన్నము మీద పోస్తే జారిపోకుండా నిలుస్తుంది. ఢిల్లీలో పెరిగి మన వాడకు కోడలుగా వచ్చిన ఒకామె ఇది చూచి పెదవి విరిచినది. జమ్మూ దారిలో పీడా అనే వూళ్ళో నేయి కారుతూ పెట్టే రాజ్మా అన్నము ముందు ఇది ఏపాటి, అక్కడ గింజ గింజగా వుండి నోట్లో కరగాలి, దానిమ్మ గింజల పచ్చడి పక్కన వుండాలి అన్నది. ఎవరి రుచి వారిది. మాకైతే ఈ మెదిపిన పద్ధతే నచ్చినది. అది చిక్కుడు గింజల కూర అనిపించదు. పప్పుగుత్తితో మెదిపిన ముద్దపప్పుకు దూరపు చుట్టము అనిపిస్తుంది. పప్పన్నము ఎరిగిన నాలుకకు వేరే పరిచయము అక్కరలేదు. పక్కన మన షోలాపురపు పల్లీల కారప్పొడి వేసుకొంటే న్యూ ఆర్లియన్సువారు కూడా కాదనరు.

పుష్టి మాట కూడా ఒకటి. ఎండు గింజలో ఇంచుమించు నాలుగో వంతు మాంసకృత్తులు. బియ్యములో తక్కువైనది గింజలో వున్నది, గింజలో తక్కువైనది బియ్యములో వున్నది. హైతీ బానిసకు గాని, మగ్గము మీద పొద్దంతా కూర్చొన్న మన తాతకు గాని ఈ లెక్క ఎవరూ చెప్పలేదు. కడుపు చెప్పినది. గ్యాసు పట్టేవారు నానిన నీరు పారబోసి, మొదట కొద్దిగా తిని అలవాటు చేసుకోవాలి. మూత్రపిండాల జబ్బు వున్నవారు, గింజ ఆకారము అదే గదా అని మోసపోక, వైద్యుణ్ణి అడిగి తినాలి.

మిగిలిన కూర మరునాటికి ఇంకా బాగుంటుందని అన్ని ఇళ్ళవారూ చెప్పినారు. రాత్రికే చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టి, మంగళవారము మళ్ళీ పొగలు వచ్చేదాకా కాచుకోవాలి. అప్పటికి అది గట్టిపడి గరిటెకు అంటుకొని వస్తుంది. అన్నములోకి కొంచెము వేడినీళ్ళు కలపాలి. జొన్న రొట్టెలోకి అయితే ఏమీ కలపనక్కరలేదు, నడుమ పెట్టి చుట్టి, పచ్చి ఉల్లిపాయ కొరుక్కొంటూ తినవచ్చును. ఇంకా మిగిలితే, మన అవ్వ చేసినట్లు, పిడికెడు జొన్నపిండి, ఉల్లి, పచ్చిమిరప కలిపి వడలు తట్టి పెనము మీద కాల్చుకోవచ్చును. ఆ వడలకు ఇంకా పేరు పెట్టలేదు. ఘేవడా వడలు అంటే చాలునంటుంది అవ్వ.